నుదుటి మీద అట్లకాడ మచ్చ

ఫ్యునెరల్ హోమ్‌లో పెట్టె దగ్గరికి వెళ్ళి చూస్తే, ఎవరినో వేరే మనిషిని పడుకోబెట్టారనిపించింది. మీసం ఆయనదే. ముక్కు ఆయనదే. కుడిచేతి చూపుడువేలు సగమే ఉంది, అదీ ఆయనదే. కానీ ముఖంలో కోపం లేదు. ఎడమ కనుబొమ మీదుగా జుట్టులోకి వంకరగా పోయే మచ్చ అసలే లేదు. ఈ దేశంలో శవానికి కూడా రంగు పూస్తారు. బతికుండగా గడ్డం గీసుకోవడానికే విసుక్కునే మనిషిని నున్నగా తయారుచేసి, ఆ మచ్చను మాయం చేసేశారు. ఆ మచ్చ పెట్టింది నేను. అది కనబడకపోయేసరికి నాకు చాలా కష్టంగా అనిపించింది.

ఒహాయోలో, ఏరీ సరస్సు ఒడ్డున ఉన్న మా ఊళ్ళో అప్పట్లో పదిహేను తెలుగు కుటుంబాలు ఉండేవి. సగం డాక్టర్లు, సగం ఇంజనీర్లు. చేతులు నల్లగా చేసుకునే పని ఆయనొక్కడిదే. మన దేశంలో థర్మల్ స్టేషన్లో బాయిలర్ ఇంజనీరుగా చేసి వచ్చి, ఇక్కడ ఇంటింటికీ తిరిగి, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసులు బిగించే ఒక చిన్న కంపెనీలో చేరాడు. ఎవరు భోజనానికి పిలిచినా వాకిట్లో బూట్లు విప్పి, అందరికీ ఒక నమస్కారం పడేసి, తిన్నగా మెట్లు దిగి బేస్‌మెంట్లోకి వెళ్ళిపోయేవాడు. అక్కడ వాళ్ళ ఫర్నేస్‌ను పలకరించాకే మనుషులను పలకరించడం. పిల్లలందరికీ ఆయన బేస్‌మెంట్ అంకుల్.

ఆయన మాట్లాడటమంటే ఏదో ఒకదాన్ని కొట్టడమే. బల్లను కొట్టేవాడు, గోడను కొట్టేవాడు, సొంత తొడను కొట్టుకునేవాడు. ఓవర్‌కోటు జేబులో ఎప్పుడూ ఒక పైపు రెంచి ఉండేది. ఒకసారి ఒక డాక్టరుగారింట్లో హాల్లో థర్మోస్టాట్ డెబ్భై ఎనిమిది ఫారెన్‌హీట్ మీద పెట్టి ఉంది. వంటింట్లోనేమో పోపు ఘాటు పోవడానికని కిటికీ బార్లా తీసి ఉంది. ఈయన అటు చూశాడు, ఇటు చూశాడు, రెంచి తీసి ఒక్క దెబ్బతో ఆ థర్మోస్టాట్‌ను గోడ నుంచి ఊడగొట్టాడు. "ఒక చేత్తో మంట పెట్టి ఇంకో చేత్తో వీధిలో పారబోస్తారా?" అన్నాడు. ఇంకోసారి ఒకరి పడకగదిలో కిరోసిన్ హీటర్ వెలుగుతుంటే ఆర్పి, అలాగే ఎత్తుకెళ్ళి గుమ్మంలోంచి మంచులోకి విసిరేశాడు. ఇంటాయన మీదికి వస్తే ఆయన చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నాడు. "పిల్లలు పడుకునే గదిలో పొగగొట్టం లేని మంట పెట్టేవాడికి చెయ్యెందుకయ్యా" అని అడిగాడు.

ఇలాంటిది జరిగిన మర్నాడు ఆయన భార్య ఒక డబ్బా నిండా జంతికలు పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళేది. తప్పయిందని నోటితో అనేది కాదు. డబ్బా ఇచ్చి, కాఫీ తాగి, పిల్లల చదువులు అడిగి వచ్చేసేది. ఆవిడను నేను వదినా అనేదాన్ని, ఆయన్ని అన్నయ్యగారూ అని. "ఈ చలికాలం ఈయన కోపానికి పది పౌండ్ల బియ్యప్పిండి అయిపోయింది" అని వదిన నవ్వుతూ చెప్పేది.

డెబ్భై తొమ్మిదిలో హీటింగ్ ఆయిల్ ధర చెట్టెక్కి కూర్చుంది. ఆయిల్ ట్రక్కు మా డ్రైవ్‌వేలోకి తిరిగిందంటే మా ఆయన పన్ను పీకించుకోబోయేవాడిలా ముఖం పెట్టేవాడు. అంతకుముందు మగవాళ్ళు నలుగురు చేరితే గ్రీన్ కార్డు, ఇంటి లోను మాట్లాడుకునేవారు. ఆ ఏడాది నుంచీ ఎవరింట్లో ఏ మంట అన్నదే మాట. మా ఆయన రంగుల ఫ్యాక్టరీలో కెమికల్ ఇంజనీరు. ఒక వేసవి ఆదివారం ఏడెనిమిది మందిని భోజనానికి పిలిచి, కంపెనీల బ్రోషర్లన్నీ గాజు బల్ల మీద పరిచాడు.

"హీట్ పంప్ ఎలా ఉంటుందండీ?" అని అన్నయ్యగారిని అడిగాడు. "సమ్మర్‌లో ఏసీ, వింటర్‌లో హీట్, రెండూ ఒకటే మెషీన్."

"బయట నలభై ఫారెన్‌హీట్ దాకా బాగానే పనిచేస్తుంది. ఈ లేక్ గాలికి పదికి దిగిందనుకో, అదీ మనలాగే వణుకుతుంది. అప్పుడు లోపల ఎలక్ట్రిక్ కాయిల్ ఆన్ అవుతుంది. ఆ బిల్లు చూసి నువ్వు వణుకుతావు."

"పోనీ వుడ్ స్టవ్?"

"కట్టెలెవరు కొడతారు? డాక్టరమ్మా?"

అందరూ నా వైపు చూసి నవ్వారు. "మరి మమ్మల్నేం చెయ్యమంటారు?" అన్నాడు మా ఆయన.

"ఆయిల్ తీసెయ్యి. గ్యాస్ ఫర్నేస్ పెట్టు. కప్పు కింద ఎటిక్‌లో ఇన్సులేషన్ వెయ్యి. కిటికీలు సీల్ చెయ్యి. ఇవన్నీ అయ్యాక, బేస్‌మెంట్ గోడకి కంత పెట్టి, నాలుగంగుళాల పైపుతో బయటి గాలి తెచ్చి ఫర్నేస్ పక్కన వదులు."

ఈసారి మా ఆయన నవ్వాడు. "ఉన్న కంతలన్నీ మూసి, కొత్త కంత పెట్టాలా? అందులోంచి చలిగాలిని ఇంట్లోకి నేనే పిలవాలా?"

"మంటకి రెండు ఆకలులయ్యా. ఒకటి గ్యాస్, ఇంకోటి గాలి. గ్యాస్‌కి బిల్లొస్తుంది కాబట్టి మీకు గుర్తుంటుంది. గాలికి బిల్లు రాదు, మర్చిపోతారు. ఇల్లు డబ్బాలా మూసేస్తే అది గాలి ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుంది? తన పొగ తనే మింగుతుంది."

"నేను కెమికల్ ఇంజనీర్నండీ. కంబశ్చన్ నాకూ కొంచెం తెలుసు."

"ఆ పైపుకి మీ కంపెనీ ఎక్స్‌ట్రా ఎంత తీసుకుంటుందో" అన్నారెవరో సోఫాలోంచి. మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను. డాక్టరీ చదివినదాన్ని, నా ఇంటి గోడకు కంత పెట్టాలో వద్దో ఒక ఫర్నేసుల మనిషి చెప్పడమేమిటన్న పొగరు నాకు ఉండేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ ఉండేది.

ఆయన లేచి పిడికిలితో గాజు బల్లను ఒక్కటి గుద్దాడు. బల్ల మూల నుంచి మూలకు పగిలింది. చెయ్యి తెగి నెత్తురు బ్రోషర్ల మీద పడింది. అన్నం ముట్టకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు జంతికలు వచ్చాయి.

ఆ సెప్టెంబరులో వేరే కంపెనీవాళ్ళ చేత గ్యాస్ ఫర్నేస్ పెట్టించాం. గాలి పైపు లేకుండా. మా ఆయన రెండు నెలల పాటు ప్రతి శనివారం నిచ్చెన వేసుకుని కిటికీల సందులన్నీ పూడ్చాడు, పైన ప్లాస్టిక్ షీట్లు బిగించాడు. తలుపుల కింద రబ్బరు పట్టీలు, కరెంటు ప్లగ్గుల వెనక స్పాంజి ముక్కలు. అంతా మూశాక పోపు ఘాటు పోయే దారి లేదు. ఇంగువ వాసన నా కోటుకు పట్టి ఆస్పత్రిలో తల దించుకోవలసి వచ్చేది. అందుకని నేనే పోరుపెట్టి, మూసేసిన ఒక రెస్టారెంట్ నుంచి పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ కొనిపించి పొయ్యి మీద పెట్టించుకున్నాను. అది వేస్తే గోడ మీది క్యాలెండరు కాగితాలు కూడా లేచేవి. మొదటి గ్యాస్ బిల్లు చూసి మా ఆయన పొంగిపోయి దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించాడు.

మా అమ్మాయి నాలుగో పుట్టినరోజు జనవరిలో ఒక ఆదివారం పడింది. మధ్యాహ్నానికి ముప్ఫైమంది భోజనం. పొద్దున ఆరింటి నుంచి పొయ్యి మీద నూనె కాగుతూనే ఉంది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, బయట సున్నా ఫారెన్‌హీట్ కాబట్టి ఫర్నేస్ ఆగకుండా మండుతూనే ఉంది. తొమ్మిదింటికి నాకు తలనొప్పి మొదలైంది. అమ్మాయి లేచి ఒకసారి వాంతి చేసుకుని, పట్టులంగా కట్టించాక మళ్ళీ సోఫాలో పడి నిద్రపోయింది. ఫ్లూ రోజులు, అదే అనుకున్నాను. బుగ్గలు ఎర్రగా ఎంత ముద్దొస్తున్నాయో అని కూడా అనుకున్నాను. మా ఆయన కుర్చీలు వెయ్యడానికి బేస్‌మెంట్లోకి దిగి గంటైంది.

నేను మత్తు డాక్టర్ని. మనుషులను నిద్రపుచ్చి, మళ్ళీ క్షేమంగా లేపడం నా ఉద్యోగం. నా కూతురు నా ఇంట్లో, నా కళ్ళ ముందు అలా నిద్రలోకి జారిపోతుంటే నేను గారెలు వేయిస్తున్నాను.

పదిన్నరకు ఆయన వచ్చాడు, వదిన పంపిన పులిహోర గిన్నెతో. బల్ల పగలగొట్టాక మా గడప తొక్కడం అదే మొదటిసారి. పిల్ల పుట్టినరోజు కాబట్టి వచ్చాడు. గుమ్మంలో నిలబడి కిటికీల వైపు చూశాడు. లోపలివైపు నీళ్ళు ధారకట్టి కిందికి కారుతున్నాయి. తరవాత బేస్‌మెంట్ తలుపు పక్కన అలమరలో నేను పెట్టుకున్న దేవుడి దీపం చూశాడు. వత్తి మీద మంట నిలువుగా లేదు. బేస్‌మెంట్లోంచి ఎవరో ఊదుతున్నట్టు వంటింటి వైపు పడుకుని ఉంది. నేను పొద్దుటి నుంచీ దాన్ని చూస్తూనే ఉన్నాను. నాకేమీ అనిపించలేదు.

గిన్నె నేల మీద పెట్టేశాడు. "ఫ్యాన్ ఎప్పట్నించి తిరుగుతోంది?"

"పొద్దున్నించీ, అన్నయ్యగారూ. అయ్యో, బూట్లు..."

నన్ను పక్కకు తోశాడు. నా భుజం ఫ్రిజ్‌కు కొట్టుకుంది. మంచు బూట్లతో వంటింట్లోకి దూరి ఫ్యాన్ వైరు పీకేశాడు. స్టవ్ ఆర్పేశాడు. కిటికీ ఎత్తబోయాడు, అది రాలేదు. మా ఆయన దాన్ని వచ్చేలా ఉంచలేదు. జేబులోంచి రెంచి తీసి అద్దం పగలగొట్టాడు. గాజు ముక్కలు పిండిలో పడ్డాయి, నూనెలో పడి చిటపటలాడాయి.

"ఆగండి, ఏం చేస్తున్నారు" అని అరిచాను. ఆయన రెండో కిటికీ దగ్గరికి పోతున్నాడు. నా చేతిలో ఇనప అట్లకాడ ఉంది, అప్పుడే నూనెలోంచి తీసినది. ఎదురెళ్ళి బలంకొద్దీ కొట్టాను. అంచు ఎముకకు తగిలిన చప్పుడు వినబడింది. చర్మం చీలి, కాలి, నెత్తురు కంట్లోకి కారింది. మళ్ళీ కొట్టాను, అది చెవికి తగిలింది. ఆయన నన్ను తిరిగి కొట్టలేదు. కనబడటం కోసం కన్ను మోచేత్తో తుడుచుకుని రెండో కిటికీ కూడా పగలగొట్టాడు.

తరవాత రెంచి జేబులో పడేసి, సోఫాలోంచి పిల్లను రెక్క పట్టి ఎత్తి భుజాన వేసుకున్నాడు. ఇంకో చేత్తో నా జడ పట్టుకుని వీధిలోకి ఈడ్చాడు. నేను ఆయన మణికట్టు కొరికాను. వదల్లేదు. ఇద్దరినీ మంచులో పడేసి, "నీ మొగుడెక్కడ?" అని అడిగాడు. నేను చెప్పలేదు. చంపేస్తాడనుకున్నాను. కానీ బేస్‌మెంట్ అంకుల్‌కు బేస్‌మెంట్ చెప్పాలా. మళ్ళీ రెంచి తీసుకుని, ఊపిరి బిగబట్టి లోపలికి పోయాడు. కాసేపటికి మా ఆయన్ని చంకల కింద పట్టుకుని మెట్ల మీదుగా లాక్కుంటూ వస్తుంటే, ప్రతి మెట్టుకూ మడమలు తగిలే చప్పుడు పగిలిన కిటికీలోంచి నాకు వినబడింది.

ఇంతలో పోలీసులు వచ్చారు. పక్కింటి ముసలావిడ పిలిచింది. ఆవిడను తప్పుపట్టను, ఆవిడకు కనబడింది అదే కదా. నెత్తురు ముఖంతో, చేతిలో రెంచితో ఒక మనిషి, వాడు ఈడుస్తున్న ఇంకో మనిషి. ఇద్దరు పోలీసులు ఆయన్ని మంచులోకి బోర్లా పడేశారు. ఒకడు వీపు మీద మోకాలు పెట్టాడు, ఇంకొకడు రెంచి వదిలేదాకా కుడిచేతి మీద లాఠీతో కొట్టాడు. ఆయన "గ్యాస్, షట్ ది గ్యాస్" అని అరుస్తూనే ఉన్నాడు. నోట్లో మంచు.

ఒక పోలీసు నా దగ్గరికి వచ్చి వంగి అడిగాడు, "ఇదంతా చేసింది ఈ మనిషేనా?"

"యెస్" అన్నాను.

చేతులు వెనక్కి కట్టి కారులో పడేశారు. ఫైరింజను వచ్చి, మనుషులు గాలిని పరీక్షించే మీటరు పట్టుకుని లోపలికి వెళ్ళి, వెళ్ళినంత వేగంగా బయటికి వచ్చారు. ఇంకో పది నిమిషాలైతే కింద ఉన్నాయన బతికేవాడు కాదని, పిల్ల సంగతి చెప్పలేమని అన్నారు. కార్బన్ మోనాక్సైడ్. నా పెద్ద ఫ్యాన్ ఇంట్లో గాలినంతా బయటికి లాగేసింది. లోపలికి రావడానికి ఇంకే సందూ లేక, చిమ్నీలోంచి పోవలసిన పొగే వెనక్కి తిరిగి ఇంట్లోకి దిగింది. తన పొగ తనే మింగి ఆ మంట విషం కక్కింది. గంట తరవాత ఆయన చేతులు విప్పారు.

ఆస్పత్రిలో మేం ముగ్గురం ఆక్సిజన్ మాస్కులతో పడుకుని ఉన్నాం. తెరకు అవతల ఆయనకు పదకొండు కుట్లు వేస్తున్నారు. ఎలా తగిలిందని డాక్టరు అడిగితే, "విండో గ్లాస్" అన్నాడు. పక్కన నిలబడ్డ పోలీసు క్షమించమని గొణిగితే, "మీ ఇంట్లో చిమ్నీ చూపించారా ఈ ఇయర్?" అని అడిగాడు.

ఆ వారంలోనే వచ్చి, వాచిన చేత్తో సమ్మెట పట్టుకుని మా బేస్‌మెంట్ గోడకు కంత కొట్టాడు. మా ఆయన టార్చిలైటు పట్టుకున్నాడు. అప్పటి నుంచి ప్రతి అక్టోబరులోనూ ఒక ఆదివారం మా ఇంటికి వచ్చేవాడు. నా దేవుడి అలమరలోంచి ఒక అగరొత్తి తీసుకుని, వెలిగించి, ఫర్నేస్ పొగగొట్టం దగ్గర పట్టుకుని, పొగ పైకి పోతోందా కిందికి వస్తోందా చూసేవాడు. మా అమ్మాయి పక్కన నిలబడి, "గోయింగ్ అప్, అంకుల్" అనేది. పని అయ్యాక వంటింటి గుమ్మంలో ఆగి, "డాక్టరమ్మా, చేతిలో ఏముందో చూపించు" అనేవాడు. నేను రెండు చేతులూ ఖాళీగా చూపిస్తే లోపలికి వచ్చి కాఫీ తాగేవాడు. అట్లకాడ గురించి మేమిద్దరం ఎన్నిసార్లో నవ్వుకున్నాం. ఆ యెస్ గురించి మాత్రం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఒక్కసారి నేనే ఎత్తాను. "అన్నయ్యగారూ, ఆ రోజు పోలీసు అడిగినప్పుడు నేను..."

ఫర్నేస్ మీద పిడికిలితో ఒక్కటి వేశాడు. రేకు సొట్టపడింది. ఇప్పటికీ ఉంది. "మా ప్లాంటులో ఒకడు బాయిలర్ డ్రమ్ములోకి దిగాడు, లోపల గాలి టెస్ట్ చెయ్యకుండా. వాడు పలకట్లేదని ఇంకోడు దిగాడు. నేను తొంగిచూస్తే ఇద్దరూ హాయిగా పడుకున్నట్టే ఉన్నారు. వాళ్ళని బయటికి లాగింది నేనే. అప్పట్నించీ నాకు మెల్లగా చెప్పడం చేతకాదు." ఆ సొట్ట మీద అరచెయ్యి పెట్టి, "తలకి గాలి అందనప్పుడు మనిషి అన్న మాట లెక్కలోకి రాదు, డాక్టరమ్మా" అన్నాడు.

ఆ మాట పట్టుకుని నేను బయటపడ్డాను. కానీ నా వృత్తే అది, నాకు తెలుసు. అప్పటికి పది నిమిషాలుగా మంచులో కూర్చుని చల్లటి గాలి పీలుస్తున్నాను. తల నొప్పిగా ఉంది, తేటగా ఉంది. పిల్ల కళ్ళు తెరిచి ఏడవడం చూశాను. మా ఆయన దగ్గి వాంతి చేసుకోవడం చూశాను. కార్బన్ మోనాక్సైడ్ అన్న మాట నా నాలుక దాకా వచ్చింది. అయినా యెస్ అన్నాను. వీధి వీధంతా చూస్తుండగా ఒక ఫర్నేసుల మనిషి నా జడ పట్టుకుని ఈడ్చాడు, అందుకన్నాను.

మొన్న మంగళవారం ఆయన ఎవరి బేస్‌మెంట్లోనో పని చేస్తూ ఫర్నేస్ పక్కనే గుండె ఆగి పడిపోయాడు.

ఫ్యునెరల్ హోమ్ వరండాలో మంచినీళ్ళ కొళాయి ఉంది. చేతిరుమాలు తడిపి తెచ్చి, ఆయన నుదుటి మీద మెల్లగా తుడిచాను. రంగు ముద్దముద్దగా ఊడి వచ్చింది. మచ్చ బయటపడింది, ఒక కొస నుంచి. వదిన నా పక్కన నిలబడి చూస్తోంది.

"అది గాజు కాదు వదినా. నా అట్లకాడ."

"తెలుసు" అంది. "గాజు ఎక్కడన్నా కాలుస్తుందా?"

"పోలీసుకి కూడా ఆయనే చేశాడని చెప్పాను. అప్పటికి నా తల బాగానే ఉంది. తెలిసే చెప్పాను."

ఇది ఆవిడకు తెలియదు. ముఖం చూస్తే అర్థమైంది. నా చేతిలోంచి రుమాలు తీసుకుని, జుట్టు దగ్గర మిగిలిన కాస్త రంగు తనే తుడిచింది.

"ఆ మర్నాడు నీకు జంతికలు తెచ్చాను, గుర్తుందా?"

"గుర్తుంది."

"ఈసారి దెబ్బలు తిన్నది మీరు, నేనెందుకు వెళ్ళాలని ఆయనతో అన్నాను. పాపం వాళ్ళ కిటికీలు పగిలాయి, వెళ్ళి ఇచ్చిరా అన్నాడు. నేను కదల్లేదు. తనే పిండి కలిపి, తనే గొట్టం నొక్కాడు. కుడిచెయ్యి వాచిపోయి ఉంది, ఎడం చేత్తో నొక్కాడు. అది చూశాక పట్టుకొచ్చాను."

ఆ జంతికలు నాకు బాగా గుర్తున్నాయి. వంకరటింకరగా, తుంపులు తుంపులుగా ఉన్నాయి. వదిన చెయ్యి తప్పిందేమిటా అని మా ఆయనతో నవ్వుతూ అన్నాను కూడా. రెండు రోజుల్లో డబ్బా ఖాళీ చేశాం. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదని, అడుగున గుప్పెడు పంచదార పోసి పంపాను.